డాక్టరుగారు రాసిన మార్ఫిన్‌ను రాత్రి డ్యూటీ నర్సు ఆపవచ్చా?

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారికి 71 ఏళ్ళు. ఇంట్లో జారిపడి తుంటి ఎముక విరగడంతో ఈమధ్య ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాము. ఆసుపత్రి పేరు రాయను, నా ప్రశ్న ఆసుపత్రి గురించి కాదు.

ఆపరేషన్ మరుసటి రాత్రి రెండు గంటల వేళ అమ్మ నొప్పితో మూలుగుతుంటే సిస్టర్‌ని పిలిచాను. నొప్పి ఎక్కువైతే మార్ఫిన్ 3 మిల్లీగ్రాములు నరానికి ఇవ్వవచ్చని మత్తు డాక్టరుగారు కేస్ షీటులో స్పష్టంగా రాశారు. సాయంత్రం నుంచి అప్పటికి రెండు డోసులు ఇచ్చారు కూడా. సిస్టర్ వచ్చి అమ్మను పేరు పెట్టి పిలిచారు. అమ్మ కళ్ళు తెరిచి, "నొప్పమ్మా, ఓర్చుకోలేక..." అంటూ మాట పూర్తి కాకుండానే మళ్ళీ మగతలోకి జారిపోయింది. ఆవిడ అమ్మ పొట్ట మీద చెయ్యి ఆనించి, గడియారం చూస్తూ ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టి, తొమ్మిది అని కాగితం మీద వేసుకొని, "ఇప్పుడు ఈ ఇంజెక్షను ఇవ్వలేనండీ, డ్యూటీ డాక్టరుగారికి ఫోన్ చేస్తాను" అన్నారు. ఇంటి నుంచి తెచ్చిన మాత్రలేమైనా వేశారా అని అడిగారు. అమ్మ ఏళ్ళ తరబడి వాడుతున్న నిద్రమాత్ర, ఆల్ప్రజోలామ్, రాత్రి తొమ్మిదింటికి మా వదిన వేసింది. వేయవద్దని మాకెవరూ చెప్పి ఉండలేదు.

డ్యూటీ డాక్టరుగారు క్యాజువాలిటీలో ఉండి మూడు దాటాక వచ్చారు. ఈలోపు సిస్టర్ తల వైపు మంచం ఎత్తి, కాళ్ళ మధ్య దిండు సర్ది, పారాసెటమాల్ సెలైన్ పెట్టారు. మధ్యలో రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. కానీ ఆ గంటా అమ్మ మూలుగుతూనే ఉంది. మానిటర్ మీద ఆక్సిజన్ 97 అని కనబడుతూనే ఉంది. అంత బాగున్నప్పుడు ప్రమాదం ఎక్కడిది? పెద్ద డాక్టరు రాసిన మందును ఆపే అధికారం నర్సుకు ఉంటుందా? కోపంతో అడగడం లేదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను.

నైట్ డ్యూటీ (గుంటూరు, స్టాఫ్ నర్సు)

గట్టు గారూ, మీరు రాసిన వివరాలలో నన్ను ఆపినది తొమ్మిది అనే అంకె కన్నా ముందు, మాట పూర్తి కాకుండానే మగతలోకి జారిపోయారన్న వాక్యం. మార్ఫిన్ వంటి మందులతో ఊపిరి మందగించే ముందు సాధారణంగా మగత ముదురుతుంది. అందుకే మేము శ్వాసతో పాటు మగతను కూడా కొలుస్తాము. పాసెరో స్కేలు అని ఒకటి ఉంది. అందులో మామూలు నిద్రకు ఒక గుర్తు, పూర్తి మెలకువకు 1, కాస్త మగతగా ఉన్నా తేలికగా లేచేవారికి 2. లేపితే లేచి, మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోయేవారికి 3. ఎంత లేపినా పలకనివారికి 4. మూడు అంటేనే తదుపరి డోసు ఇవ్వకూడని స్థితి, డాక్టరుకు చెప్పి మోతాదు తగ్గించవలసిన స్థితి. మీ అమ్మగారు అక్కడ ఉన్నారు.

ఇక్కడ చాలామందికి కొరుకుడు పడని విషయం ఒకటుంది. నొప్పి పదికి ఎంత అని అడిగితే ఎనిమిది అంటారు, మరుక్షణం గురక పెడతారు. చూసేవారిలో సగం మంది "నిద్రపోతోంది కదా, నొప్పేముంది" అంటారు, మిగతా సగం "ఎనిమిది అంటోంది కదా, ఇంజెక్షను ఇవ్వండి" అంటారు. నొప్పీ నిజమే, మగతా నిజమే. మార్ఫిన్ మగతనైతే తెచ్చింది, నొప్పిని మాత్రం పూర్తిగా తీయలేదు. అటువంటప్పుడు అదే మందు ఇంకొక డోసు వేస్తే ముందుగా పెరిగేది మగతే.

రైతుబిడ్డ (కరీంనగర్)

మీరంతా ఒక వైపే మాట్లాడుకునేలా ఉన్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. మా నాన్న గొంతు క్యాన్సర్‌తో పోయారు. ఆఖరి రోజుల్లో ఆయన నొప్పితో గోడకు తల కొట్టుకుంటుంటే, "ఇంజెక్షను ఇస్తే ఊపిరి ఆగిపోతుంది, నా మీదికి వస్తుంది" అని నర్సు ఇవ్వలేదు. డాక్టరు రాసిన కాగితం ఆమె చేతిలోనే ఉంది. గట్టు గారి సిస్టర్ చెప్పిన మాటా అదే కదా. భద్రత పేరు చెబితే ఎవరు ఎదురు మాట్లాడగలరు? రాసేది డాక్టరు, ఆపేది నర్సు, అరిచేది పేషెంటు. ఈ పద్ధతిని మెచ్చుకోవడం నాకు చేతకాదు.

మత్తు వైద్యుడు (హైదరాబాద్)

గట్టు గారి ప్రశ్నలకు నా వైపు నుంచి సమాధానం చెబుతాను. అటువంటి ఆర్డర్లు నేను రోజూ రాస్తాను. అవసరమైతే ఇవ్వవచ్చు అని రాసినప్పుడు ఆ అవసరాన్నీ, ఇవ్వదగిన స్థితినీ ఆ క్షణంలో పరిశీలించి నిర్ణయించే పనిని నేను సిస్టర్‌కు అప్పగిస్తున్నాను. సాయంత్రం ఆరింటికి నేను చూసిన మనిషిని బట్టి మోతాదు రాస్తాను. రాత్రి రెండింటికి ఆ మంచం మీద ఉన్న మనిషిని చూసేది ఆవిడే. కాబట్టి ఆవిడ నా ఆర్డరును ధిక్కరించలేదు, అందులో ఉన్న పనినే చేశారు. ఊపిరి తొమ్మిది ఉండగా డోసు ఇచ్చి ఉంటే మాత్రం, ఆర్డరు ఉంది కదా అన్న జవాబును మరునాడు నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఆక్సిజన్ 97 సంగతి. అమ్మగారికి ముక్కు గొట్టాలతో ఆక్సిజన్ పెట్టి ఉన్నారనుకుంటాను. వేలికి తగిలించే ఆ యంత్రం రక్తంలో ఆక్సిజన్‌ను చూపిస్తుంది కాని, ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును బయటికి పంపుతున్నాయో లేదో చూపించదు. బయటి నుంచి ఆక్సిజన్ అందుతున్న మనిషి నిమిషానికి ఏడెనిమిది సార్లు మాత్రమే ఊపిరి తీసినా ఆ అంకె చాలాసేపు బాగానే కనబడుతుంది. అది పడిపోయేసరికి ఆలస్యమైపోతుంది. వార్డులో అందరూ మానిటర్ మీద అంకె చూస్తుంటే, ఆవిడ చెయ్యి ఆనించి ఊపిరి లెక్కపెట్టారు. మా శాఖలో కొత్తగా చేరే పిల్లలకు నేను మొదట నేర్పించాలనుకునేది ఇదే.

ఒక ప్రశ్న. మీ అమ్మగారి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష, అవి మందగిస్తే ఆ అంకె పెరుగుతుంది) ఎంత ఉందో గుర్తుందా?

గోదావరి గట్టు

ఆక్సిజన్ గొట్టాలు ఉన్నాయండీ. ఆపరేషన్‌కు ముందు క్రియాటినిన్ 1.1 ఉండేది, ఆ రోజు ఉదయం రిపోర్టులో 1.9 అని ఉంది. దాని వల్లనే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇవ్వడం ఆపామని పగటి సిస్టర్ చెప్పారు.

మత్తు వైద్యుడు

అయితే చిత్రం పూర్తయింది. మార్ఫిన్‌ను కాలేయం మార్చినప్పుడు పుట్టే పదార్థాలలో ఒకటి మార్ఫిన్ లాగే పనిచేస్తుంది, అది మూత్రపిండాల ద్వారా బయటికి పోవాలి. మూత్రపిండాలు నెమ్మదించినప్పుడు అది పేరుకుంటుంది. మొదటి డోసు బాగానే ఉంటుంది, మూడో డోసుకు మనిషి మునిగిపోతారు. దానికి నిద్రమాత్ర తోడైంది. మార్ఫిన్ జాతి మందులను ఆల్ప్రజోలామ్ జాతి మందులతో కలిపి వాడడంపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను తప్పనిసరి చేసింది. వయసు, మూత్రపిండాలు, నిద్రమాత్ర మూడూ ఒకే మంచం మీద కలిశాయి. నిజానికి ఆ రిపోర్టు చూసిన వెంటనే మార్ఫిన్ ఆర్డరును పగలే మార్చి ఉండవలసింది. ఆ పని రాత్రి సిస్టర్ మీద పడింది.

లీడ్స్ నుంచి (నర్సు, బ్రిటన్)

రాసింది డాక్టరు కదా, నర్సుకేం సంబంధం అన్న మాటకు ఇంగ్లండులో ఒక పెద్ద సమాధానం ఉంది. గాస్‌పోర్ట్ అనే ఊరి ఆసుపత్రిలో వృద్ధులకు సిరంజి పంపుల ద్వారా మార్ఫిన్ జాతికే చెందిన డయామార్ఫిన్ ఎక్కించేవారు. ముందుగానే చాలా విశాలమైన మోతాదు పరిధితో ఆర్డర్లు రాసి ఉంచేవారు. అక్కడి నర్సులు కొందరు 1991లోనే అభ్యంతరం చెప్పారు. వారి మాట అణిగిపోయింది. 2018లో వచ్చిన స్వతంత్ర విచారణ నివేదిక, 1989 నుంచి 2000 వరకు వైద్యపరమైన సమర్థన లేకుండా ఇచ్చిన ఈ మందుల వల్ల 456 మంది ఆయుష్షు తగ్గిందని తేల్చింది. మోతాదు రాసినవారినే కాదు, రాసినదాన్ని ప్రశ్నించవలసిన బాధ్యత నర్సులకూ ఉందని ఆ నివేదిక గుర్తు చేసింది.

ఇక్కడ మా వార్డులో ఇటువంటి డోసు ఆపితే చార్టులో ఆ గడిని ఖాళీగా వదలడానికి వీలులేదు. ఎందుకు ఆపామో, ఎవరికి చెప్పామో రాయాలి. కారణం లేకుండా ఖాళీగా వదిలిన గడిని మందు తప్పిపోయిన సంఘటనగానే చూస్తారు.

రైతుబిడ్డ

గాస్‌పోర్ట్ సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు ధన్యవాదాలు. కానీ అది మందు ఎక్కువైన కథ. మన జిల్లాల్లో నేను చూసింది మందు అందని కథ. రెంటికీ ఒకే మందు రాస్తున్నారు మీరు.

ఉపశమన సేవ (హైదరాబాద్, పాలియేటివ్ కేర్ నర్సు)

రైతుబిడ్డ గారూ, మీ నాన్నగారికి జరిగింది భద్రత కాదు. ఈ మాట సూటిగానే చెబుతున్నాను, ఎందుకంటే అటువంటి కుటుంబాలను నేను తరచూ కలుస్తుంటాను.

"ఊపిరి ఆగిపోతుంది" అన్న ఒకే మాట ఒక మంచం దగ్గర నిజం, ఇంకొక మంచం దగ్గర కేవలం భయం. గట్టు గారి అమ్మగారికి మార్ఫిన్ కొత్త, మగత ముదిరి ఉంది, ఊపిరి తొమ్మిదికి దిగింది. మీ నాన్నగారు మెలకువగా ఉండి తల కొట్టుకుంటున్నారు. అంత మెలకువగా, అంత బాధలో ఉన్న మనిషికి నొప్పి తీవ్రతను బట్టి సరిగా లెక్కగట్టి ఇచ్చిన మార్ఫిన్ ఊపిరి ఆపడం చాలా అరుదు. క్యాన్సర్ రోగులకు మేము నోటి మాత్రతో మొదలుపెట్టి, నాలుగు గంటలకొకసారి గడియారం ప్రకారం ఇస్తూ, నొప్పిని బట్టి మెల్లగా పెంచుతాము. మలబద్ధకం రాకుండా మొదటి రోజు నుంచే విరేచనకారి కలుపుతాము. నోటి ద్వారా, గడియారం ప్రకారం, నొప్పి మెట్టును బట్టి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. నొప్పి వచ్చి అరిచాక ఇచ్చే పద్ధతి ఈ రోగులకు పనికిరాదు.

మరి ఆ నర్సు ఎందుకు భయపడ్డారు? ఆమె ఊపిరి లెక్కపెట్టారా, మగత ఎంతో చూశారా, డాక్టరుకు ఫోన్ చేశారా అన్నవి నేను అడిగే ప్రశ్నలు. ఇవేవీ లేకుండా చేతులు ముడుచుకుంటే అది వృత్తిపరమైన నిర్ణయం అనిపించుకోదు. "నా మీదికి వస్తుంది" అన్నదే అసలు కారణం. ఆ భయం మాత్రం ఆవిడ ఒక్కరిదీ కాదు, దాని మూలాలు మన చట్టంలోనూ ఉన్నాయి.

మందుల బీరువా (విజయవాడ, ఆసుపత్రి ఫార్మసిస్టు)

ఆ చట్టం ముక్క నేను చెబుతాను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వచ్చాక మార్ఫిన్ నిల్వ పెట్టుకోవడమే ఆసుపత్రులకు తలనొప్పి అయింది. ఒకటికి నాలుగు లైసెన్సులు కావాలి, ఒకటి చేతికి వచ్చేసరికి ఇంకొకటి గడువు తీరిపోయేది. చాలాచోట్ల తెప్పించడమే మానేశారు. మార్ఫిన్ ముఖం చూడకుండానే చదువు ముగించిన డాక్టర్లూ నర్సులూ ఒక తరం మొత్తం తయారయ్యారు. 2014 సవరణ ఆధారంగా మార్ఫిన్, ఫెంటనిల్ వంటి ఆరు మందులను అత్యవసర మాదక ఔషధాలుగా వేరుచేసి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు దారి సులభం చేశారు. చట్టం మారినంత త్వరగా చేతుల వణుకు పోలేదు. ఇప్పటికీ తాళం తీసి, రిజిస్టరులో ఆంప్యూల్ లెక్క రాసి, మిగిలినది పారబోసినట్టు సాక్షి సంతకం తీసుకునేటప్పుడు కొత్త సిస్టర్లు నేరం చేస్తున్నట్టు ముఖం పెడతారు.

మన్యం సిస్టర్ (పాడేరు)

మా దగ్గర ఇంకొక రకం నిరాకరణ ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు కనుక రాస్తున్నాను. ఏజెన్సీలో సికిల్ సెల్ వ్యాధి (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి తీవ్రమైన నొప్పి తెచ్చే పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న పిల్లలు ఎక్కువ. 2023 జూలైలో కేంద్రం దీనిపై జాతీయ మిషన్ మొదలుపెట్టాక పరీక్షలు పెరిగాయి, నొప్పికి చికిత్స మాత్రం అంతగా మారలేదు. నొప్పి క్రైసిస్ వచ్చిన పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు తనకు ఏ ఇంజెక్షను పనిచేస్తుందో పేరుతో సహా చెబుతాడు. చెప్పాడంటే చాలు, వీడికి మందు అలవాటైపోయింది అంటారు. చిన్నప్పటి నుంచి ఈ నొప్పితో బతుకుతున్నవాడు ఫోన్ చూసుకుంటూ కూడా నొప్పి భరించగలడు. బీపీ, పల్స్ మామూలుగా ఉన్నాయి కాబట్టి నటిస్తున్నాడని కేస్ షీటులో రాసేవారిని చూశాను. నొప్పి అనుభవిస్తున్నవారు ఏది చెబితే అదే నొప్పి అని మార్గో మెకాఫరీ అనే నర్సు 1968లోనే చెప్పిన మాటను మేము చదువుకున్నాము, పరీక్షలో రాశాము.

ఈ వ్యాధిలో రెండు వైపులా ప్రమాదమే ఉంది. పక్కటెముకలు నొప్పిగా ఉంటే పిల్లవాడు లోతుగా ఊపిరి తీయడు. మందు ఎక్కువై మగత ముదిరినా తీయడు. రెండు దారులూ ఊపిరితిత్తులను దెబ్బతీసే ఛాతీ క్రైసిస్‌కే పోతాయి, అది ప్రాణాంతకం. కాబట్టి మా వార్డులో డోసు ఇచ్చినా, ఇవ్వకపోయినా గంట గంటకూ ఊపిరి లెక్కపెట్టి, స్పైరోమీటర్ గొట్టంతో గాలి లోతుగా లోపలికి పీల్పించి అందులోని బంతులు పైకి లేపిస్తాము. అనుమానంతో ఆపడాన్ని మాత్రం దయచేసి భద్రత పద్దులో వేయకండి.

నైట్ డ్యూటీ

మన్యం సిస్టర్ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దానికి తోడు, మనవాళ్ళను కాస్త విమర్శిస్తాను. గట్టు గారు రాసిన రాత్రిలో డోసు ఆపడం సరైనదే, ఆ తరువాతి గంట మాత్రం నాకు అంతగా నచ్చలేదు. ఊపిరి తొమ్మిది ఉన్న పేషెంటును గంటలో రెండుసార్లు చూడడం చాలదు. కనీసం పదిహేను నిమిషాలకొకసారి లేపి పలకరించాలి, మార్ఫిన్‌కు విరుగుడైన నెలాక్సోన్ ఆంప్యూల్ ట్రాలీలో ఉందో లేదో చూసుకోవాలి. డ్యూటీ డాక్టరు రాకపోతే పావుగంట ఆగి మత్తు డాక్టరుకే ఫోన్ చేయాలి. ఒక సిస్టర్‌కు ఇరవై మంచాలు అప్పగిస్తే ఎలా కుదురుతుందని అడుగుతారని తెలుసు. ఆ సిస్టర్‌కు ఎన్ని మంచాలున్నాయో మనకు తెలియదు. కాని కుదరకపోతే కుదరలేదని నోట్స్‌లో రాసి, సూపర్‌వైజర్‌ను పిలవాలి.

మరొకటి, కొడుకు పక్కనే నిలబడి ఉన్నప్పుడు, "అమ్మగారు మాట మధ్యలో నిద్రలోకి జారుతున్నారు, ఊపిరి తగ్గింది, ఇప్పుడు ఇది వేస్తే ఇంకా తగ్గుతుంది, నొప్పికి వేరే దారి చూస్తున్నాను" అని చెప్పడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం ఇచ్చి ఉంటే ఈ చర్చ మొదలయ్యేదే కాదు.

మత్తు వైద్యుడు

నెలాక్సోన్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. ఊపిరి తొమ్మిది ఉండి, పిలిస్తే పలికే మనిషికి దాన్ని వెంటనే ఇవ్వడం నేను కోరను. 0.4 మిల్లీగ్రాముల ఆంప్యూల్‌ను ఒక్కసారిగా ఇస్తే మార్ఫిన్ ప్రభావం మొత్తం తెగిపోయి, ఆపరేషన్ నొప్పి అంతా ఒక్కసారి మీద పడుతుంది, బీపీ ఎగబాకుతుంది. అవసరమైనప్పుడు పది మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి, ఒక్కొక్క మిల్లీలీటరు చొప్పున ఊపిరి పుంజుకునే వరకు ఇస్తాము. దాని ప్రభావం మార్ఫిన్ కన్నా త్వరగా తగ్గిపోతుంది కనుక, లేచి కూర్చున్న పేషెంటు గంట తరువాత మళ్ళీ మగతలోకి జారవచ్చు. ఇచ్చేశాం కదా అని మంచం దగ్గరి నుంచి కదలకూడదు.

ఇక నొప్పి మిగిలిపోయిందన్నది నిజమైన ఫిర్యాదు. తుంటి ఎముకకు గజ్జ దగ్గర నరాలను మొద్దుబార్చే మందు ఎక్కించే బ్లాక్ ఉంది. దానితో మగత రాదు, మార్ఫిన్ అవసరం బాగా తగ్గుతుంది. రాత్రి అయినా మమ్మల్ని పిలిస్తే వచ్చి చేయవలసినదే.

గోదావరి గట్టు

తెల్లవారాక మత్తు డాక్టరుగారు వచ్చి సరిగ్గా అదే చేశారండీ. గజ్జ దగ్గర ఇంజెక్షను ఇచ్చిన అరగంటకు అమ్మ కాఫీ అడిగింది. అది రాత్రే ఎందుకు చేయలేదన్న ప్రశ్నను ఆసుపత్రివారికి రాతపూర్వకంగా ఇస్తున్నాను. సిస్టర్ మీద ఫిర్యాదు చేయాలన్న ఆలోచన విరమించుకున్నాను, డ్యూటీ డాక్టరు ఆలస్యం గురించి మాత్రం రాస్తాను.

రైతుబిడ్డ గారూ, మీ నాన్నగారి విషయం చదివి మనసు కలతపడింది.

రైతుబిడ్డ

ఫర్వాలేదు సార్. ఊపిరి లెక్కపెట్టారా అని ఆ రోజు అడగాలని మాకు తెలియదు. తెలిసినా, అర్ధరాత్రి వార్డులో పల్లెటూరివాడు అడిగితే జవాబు చెప్పేవారు ఎంతమంది ఉంటారన్నది నా సందేహం. అది మాత్రం మీరెవరూ తీర్చలేదు.

గోదావరి గట్టు

చివరగా ఒక సందేహం. రేపు డిశ్చార్జి. నొప్పికి ట్రమడాల్ మాత్రలు రాశారు. అమ్మ రాత్రి నిద్రమాత్ర మళ్ళీ అడుగుతోంది. పూర్తిగా మాన్పించేయాలా?

మందుల బీరువా

ఆగండి, మీ అంతట మీరు ఒక్కసారిగా మాన్పించవద్దు. ఏళ్ళ తరబడి వేసుకున్న ఆల్ప్రజోలామ్‌ను హఠాత్తుగా ఆపితే నిద్ర పట్టకపోవడమే కాదు, వణుకు, కంగారు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. ట్రమడాల్‌కు సైతం ఫిట్స్ తెచ్చే గుణం ఉంది, నిద్రమాత్రతో కలిస్తే ఊపిరి తగ్గించే గుణమూ ఉంది. క్రియాటినిన్ ఇంకా దిగకపోతే ట్రమడాల్ మోతాదు కూడా మార్చాలి. డిశ్చార్జి కాగితం మీద సంతకం చేసే ముందు ఆ నిద్రమాత్ర స్ట్రిప్‌ను డాక్టరుగారి బల్ల మీద పెట్టి, రెంటిలో ఏది ఉంచాలో, ఏది ఎన్ని రోజుల్లో ఎలా తగ్గించాలో ఆయన చేతనే రాయించుకోండి. సమ్మరీలో మందుల పట్టీలో ఆ పేరు కూడా చేర్పించండి. రేపు ఇంకొక ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చినా, అక్కడి సిస్టర్‌కు అది అర్ధరాత్రి మిమ్మల్ని అడిగి తెలుసుకోవలసిన విషయం కాకూడదు.